రహీం సాహెబు

బంతి యాడు బాలురు లేని యూరు లేదు. వారిలో ఎవ్వడు రేపటి మేటి ఆటగాడగునో ముందుగా కనిపెట్టగలవారు మాత్రము మిక్కిలి అరుదు. అట్టి అరుదైన వారిలో సయ్యద్ అబ్దుల్ రహీము ఒకడు. హైదరాబాదు ప్రజలు ఆయనను రహీం సాహెబని పిలిచెడివారు. ఆయన వృత్తిచే బడిపంతులు. భారతదేశపు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడై, రెండు పర్యాయములు ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును తెచ్చినవాడు.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆ జట్టు పక్షమున ఆడి పేరు గాంచెను. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాల మున్నగు చోట్ల పనిచేసెను. నడుమ వ్యాయామ విద్యయందును పట్టము సంపాదించెను. పగలెల్ల తరగతిగదిలో పిల్లలకు పాఠము చెప్పి, సాయంకాలము మైదానమున వారి యాటను చూచుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. తరగతిలో ఏ బాలుడు త్వరగా గ్రహించునో, ఎవ్వడు ఆలస్యముగా గ్రహించినను మరువక నిలుపుకొనునో ఉపాధ్యాయునకు తెలియును. ఆ చూపునే ఆయన మైదానమునకు తీసికొని పోయెననిన తప్పు కాదు.

తరువాత ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణించువరకు ఆ పదవియందే యుండెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ కాలమున ఫుట్‌బాలు అనగా కలకత్తా, కలకత్తా అనగా ఫుట్‌బాలు అని దేశమంతయు తలచుచుండెను. దక్కనునుండి వచ్చిన ఈ పోలీసువారు బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచి ఆ తలపును మార్చివేసిరి.

ఇంత బలమైన జట్టు ఎట్లు ఏర్పడెను? రహీము వద్ద ధనము లేదు. పేరు మోసిన ఆటగాండ్రను పరస్థలములనుండి కొని తెచ్చుటకు అవకాశమును లేదు. ఉన్నదెల్ల హైదరాబాదు, సికిందరాబాదు వీధులలో వట్టికాళ్లతో బంతి తన్నుచున్న బాలురు. వారిలోనుండియే ఏరుకొనవలెను. అందుకొరకు ఆయన కల్పించిన ఉపాయములు నేటికిని ఆశ్చర్యము గొల్పును.

సామాన్యముగా బాలుని ఆటను పరీక్షించువారు వాని బలమును, వేగమును చూతురు. రహీము వాని బలహీనతను చూడగోరెను. ఎట్లనగా, ఆయన బాలురకు ఒక వింత పోటీ నేర్పాటు చేసెను. అందు ఎవ్వనికి ఏ కాలు వాటము కాదో ఆ కాలితోనే బంతిని తన్నవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే ఆడవలెను. మొదటి దినమున మేటి ఆటగాడు సైతము తడబడి నవ్వులపాలగును. ఆ తడబాటును చూచి సిగ్గుపడి మానువాడెవ్వడు, మరునాడు మరల వచ్చి అభ్యసించువాడెవ్వడు అను సంగతి శిక్షకునకు అచ్చటనే తేటపడును. రెండు కాళ్లును సమముగా వచ్చినవానిని ఎదిరిపక్షమువాడు ఒక ప్రక్కకు నెట్టి నిలుపజాలడు గదా!

మరియొక పోటీలో బంతిని కాలిలోనే పెట్టుకొని మెలికలు త్రిప్పుచు పోరాదని నియమము. వచ్చిన బంతిని వెంటనే తోడి యాటగానికి అందింపవలెను. చూపరుల చప్పట్లకు ఆశపడి తానొక్కడే పదిమందిని దాటబోవు బాలునకు ఇందు చోటులేదు. బంతి రాకముందే తల యెత్తి తనవారు ఎచ్చట నున్నారో చూచుకొనువాడు ఇట్టి యాటలో బయటపడును. ఈ పద్ధతివలననే హైదరాబాదు జట్లకు చిన్నచిన్న అందింపులతో వేగముగా సాగు ఆట అలవడెను.

మూడవది పొట్టివారి పోటీ. నిర్ణీతమైన ఎత్తునకు మించినవారికి అందు ప్రవేశము లేదు. ఇది వినోదమునకై పెట్టినది కాదు. పదమూడు పదునాలుగేండ్ల ప్రాయమున ఒకే తరగతిలోని బాలురలో ఒకడు తాటిచెట్టువలె ఎదిగియుండును, మరియొకడు ఇంకను శిశువువలె నుండును. పొడగరి భుజముతో త్రోసి బంతిని లాగుకొనును. నేర్పు గల పొట్టివాడు వెనుకబడును. రెండేండ్లు గడచిన పిమ్మట ఇద్దరును సమానముగా ఎదిగిన, అప్పటికి పొట్టివాడు ఆట మానియే యుండును. ఒకే యేటివారిని కలిపి ఎంపిక చేయుచోట, ఆ యేటి తొలి నెలలలో పుట్టినవారే ఎక్కువగా ఎన్నికగుచున్నారని తరువాతి కాలమున పలుదేశముల పరిశోధకులు కనుగొనిరి. కొన్ని నెలల పెద్దరికమును మనము ప్రతిభ యని భ్రమించుచున్నామన్న మాట. రహీమునకు ఆ పరిశోధనలు తెలియవు. ఆయన మైదానమున నిలిచి కనులార చూచినది అదియే.

ఈ సందర్భమున నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములలో బడిజట్టును ఎన్నుకొనుటకు పిల్లలను ఎత్తు ప్రకారము వరుసగా నిలువబెట్టి, ముందున్న పదునొకండుగురిని తీసికొనుచుంటిని. ఆ వరుస తుదిని నిలిచి, చేతులు కట్టుకొని చూచిన చిన్నవారిలో ఎందరు నిజమైన ఆటగాండ్రుండిరో నాకెన్నటికిని తెలియదు.

సికిందరాబాదు చెంత అమ్ముగూడ అను సైనికవాసపు పల్లె యున్నది. అచ్చట ఒక పేద తమిళ కుటుంబమున 1936లో తులసీదాస్ బలరామన్ జన్మించెను. వానికి ఆటయన్న ప్రాణము. బూట్లు కొనుటకు డబ్బులేక, పోలీసువారు పారవేసిన పాత బూట్లను చెప్పులుకుట్టువానిచే బాగుచేయించి తొడిగికొనెను. స్థానికపు పోటీలలో వాని యాట రహీము కంటబడెను. ఆయన వానిని హైదరాబాదు జట్టు శిక్షణకు రమ్మని పిలిచెను. ఇంతటి అదృష్టము వచ్చినను ఆ యువకుడు సంతోషింపలేకపోయెను. అమ్ముగూడనుండి నగరపు నడిబొడ్డునకు ఇంచుమించు ఐదు క్రోసులు. నిత్యము వచ్చిపోవుటకు చేతిలో డబ్బులేదు. రాలేనని చెప్పుటకే సిద్ధపడెను. రహీము సంగతి గ్రహించి, అద్దె సైకిలునకు కావలసిన సొమ్ము తానే ఇచ్చెదనని చెప్పి వానిని రప్పించెను. ప్రతిభను కనిపెట్టుట ఒక యెత్తు, కనిపెట్టిన ప్రతిభ మైదానమువరకు చేరునట్లు చూచుట మరియొక యెత్తు. ఎంపికదారులు పలువురు మొదటిదానితోనే తమ పని తీరినదని తలంతురు.

ఆ యువకుడు 1956లో సంతోషు ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో ఆడెను. ఆ యేడే మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు భారతజట్టుతో వెళ్లెను. అప్పటికి అతనికి ఇరువదేండ్లు. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు పలువురుండిరి.

రహీము జాతీయ జట్టునకు శిక్షకుడైన కథ కొంత వెనుకటిది. 1951లో ఢిల్లీ నగరమున జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన జట్టు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము పొందెను. కాని మరు యేడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో పరాభవము తప్పలేదు. చలిదేశమున మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో పదింటికి ఒక గోలుతో ఓడిపోయిరి. పిమ్మట మనదేశమున బూట్లు తప్పనిసరి యయ్యెను. రహీము ఆ ఓటమిని దాచిపెట్టుకొనక పాఠముగా గ్రహించి, ఐరోపావారి వ్యూహములను శ్రద్ధతో అధ్యయనము చేసెను. నలుగురు వెనుక, ఇరువురు నడుమ, నలుగురు ముందు నిలుచు వ్యూహమును ఆయన మనజట్టునకు నేర్పెను. 1958 ప్రపంచపు పోటీలో బ్రెజిలు జట్టు ఈ వ్యూహముతోనే గెలిచి దానికి లోకమంతట ప్రసిద్ధి తెచ్చెను.

మెల్బోర్నులో మనవారు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండు గోళ్లతో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశము మనదే. చివరకు నాలుగవ స్థానము లభించెను. 1960లో రోము నగరమున బలవంతమైన ఫ్రాన్సు జట్టుతో మనవారు సమముగా నిలిచిరి.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. మొదటి యాటలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్లతో ఓడించెను. థాయిలాండుతో ఆడునప్పుడు వెనుకవరుసకు స్తంభమువంటి జర్నేల్ సింగు తలకు గాయమై ఆరు కుట్లు పడెను. సెమీఫైనలు నాటికి రహీము ఒక సాహసమునకు పూనుకొనెను. జర్నేలు కళాశాల దినములలో ముందువరుసలో ఆడినవాడని ఆయనకు తెలియును. కట్టుతోనున్న ఆ యోధుని వెనుకవరుసనుండి తీసి ముందునకు పంపెను. దక్షిణ వియత్నాముపై జర్నేలు గోలు చేయగా మనజట్టు మూడింటికి రెండుతో గెలిచెను.

ఫైనలులో మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. అంతకుముందు మనదేశపు క్రీడాధికారి యొకరు పలికిన మాటలకు కోపించి యున్న స్థానిక ప్రజలు, లక్షమందికి దగ్గరగా, మనవారికి వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. గోల్‌కీపరు విషయమున చిక్కు వచ్చెను. పీటర్ తంగరాజునకు ఒడలు బాగుగ లేదు. అతనికి బదులుగా ప్రద్యోత్ బర్మను చక్కగనే ఆడుచుండెను. అయినను కొరియావారు బంతిని ఎత్తుగా వేయుదురని ఎరిగిన రహీము, మంచి పొడగరియైన తంగరాజునే నిలిపెను. బాలుర పోటీలో ఎత్తును లెక్కచేయని గురువు ఇచ్చట ఎత్తును లెక్కచేసెను. ఎప్పుడు ఏది కావలెనో ఎరుగుటయే ఎంపిక.

పి.కె. బెనర్జీ మొదటి గోలును, జర్నేలు రెండవ గోలును ఇరువది నిమిషములలోపలనే సాధించిరి. కొరియావారు చివరి నిమిషములలో ఒక గోలు తీర్చిరి. అంతకు మించి వారికి సాధ్యము కాలేదు. సెప్టెంబరు 4వ తేదీన చునీ గోస్వామి నాయకుడుగా, అమ్ముగూడ బలరామను ముందువరుసలో నుండగా, భారతజట్టు స్వర్ణపతకము గెలిచెను.

మరు సంవత్సరమే, 1963 జూన్ 11వ తేదీన, క్యాన్సరు వ్యాధిచే రహీము హైదరాబాదులో కన్నుమూసెను. ఆయనకు అప్పటికి ఏబది మూడేండ్లు. అనారోగ్యమువలన బలరామనుకూడ ఆ యేడే ఆట విరమించెను. 1970లో బాంకాకు నగరమున మనవారికి కాంస్యపతకము దక్కెను గాని, ఆసియా క్రీడలలో స్వర్ణము మరల రాలేదు. రహీము కుమారుడు హకీము ఆటగాడై, అంతర్జాతీయ రిఫరీయై, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొంది, 2021లో మరణించెను. బలరామను పడమటి బెంగాలున స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో ఎనుబది యారేండ్ల వయస్సున దివంగతుడయ్యెను.