సొంతూరి పొలం గట్టు మీద దొరికిన దారి

డోంగ్లి నల్లరేగడిలో పత్తి ఏరే రోజులొస్తే తెల్లారకముందే కూలోళ్ల గుంపులు చేన్లకు బయలుదేరతాయి. సరిహద్దు పల్లెలు కాబట్టి తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినపడతాయి. ఏ భాష మాట్లాడినా సాయంత్రం అడిగేది ఒక్కటే: కూలి ఎంత, ఎప్పుడిస్తారు? 2022లో మద్నూరు నుంచి విడిపోయి డోంగ్లి మండలమయింది. ఆఫీసు దగ్గరికొచ్చింది గాని, భూమి లేనోడికి భూమి దగ్గర కాలేదు.

ఈ ఇళ్లలో నాలుగు అక్షరాలు నేర్చిన పిల్లలను ఒక ప్రశ్న వేధిస్తుంది. దేనికోసం బతకాలి? ఒకడు కులం పేరు చెప్పి రమ్మంటాడు. ఒకడు దేవుడి పేరు చెప్పి జెండా పట్టమంటాడు. ఇంకొకడు ఇవన్నీ ఎందుకు, పట్నం పోయి నాలుగు రూపాయలు సంపాదించుకో అంటాడు. వీటిలో మనిషి తన బతుకు పెట్టదగ్గ పని ఏది? ఈ ప్రశ్నకు ఉపన్యాసం జవాబు కాదు. ఇదే ప్రశ్న పదిహేడేళ్లకే ఎదురై, డెబ్బై రెండేళ్ల దాకా దానికి తన బతుకుతోనే జవాబు చెప్పిన ఒక మనిషి కథ చెప్పుకుందాం. ఆయన పుచ్చలపల్లి సుందరయ్య.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. భూములున్న కుటుంబం. ఆరేళ్లప్పుడు తండ్రి పోయాడు. అయినా తిండికీ చదువుకూ లోటు లేదు. మద్రాసు లయోలా కాలేజీ దాకా చదువు సాగింది. ఇంకో నాలుగేళ్లు అట్లాగే సాగితే ఏ వకీలో, ఏ ఆఫీసరో అయ్యేవారు.

1930లో దేశమంతా ఉప్పు సత్యాగ్రహం లేచింది. పదిహేడేళ్ల కుర్రాడు కాలేజీ వదిలి అందులో దూకాడు. పోలీసులు పట్టుకుని శిక్ష వేయించారు. తంజావూరులో బాలనేరస్తులను ఉంచే బోర్స్టల్ స్కూలుకు పంపారు. జైలు భయపెట్టలేదు సరికదా, కొత్త ఆలోచన నేర్పింది. కమ్యూనిస్టు భావాలున్నవాళ్లతో పరిచయం అక్కడే కలిగింది. తెల్లదొర పోవాలి, సరే. పోయాక పొలం ఎవరిది? గాదె ఎవరిది? ఈ సంగతి తేలకుండా వచ్చే స్వరాజ్యం కూలివాడి గుడిసె దాకా వస్తుందా?

బయటికి వచ్చిన సుందరయ్య ఇక్కడ చేసిన పనే మనం గమనించాల్సింది. ఉద్యమం వెతుక్కుంటూ దూరదేశం పోలేదు. సొంత ఊరికే తిరిగి వచ్చారు. తన కుటుంబం లాంటి కుటుంబాల చేలల్లో నాట్లు వేసే, కోతలు కోసే దళితులనూ కూలీలనూ కూడగట్టి వ్యవసాయ కార్మిక సంఘం పెట్టారు. రాత్రి బడి నడిపారు. సరుకులు చవగ్గా దొరికే ఏర్పాటు చేశారు. కూలి పెంచమని అడిగింది ఎవరిని? ఎక్కడో ఉన్న వైస్రాయిని కాదు, తన బంధువుల్నే, తన కులం పెద్దల్నే. ఊరికి దూరంగా ఉన్న అన్యాయం మీద కోపం తెచ్చుకోవడం సులువు. మన అరుగు మీద కూర్చున్న అన్యాయంతో తగాదా పడటమే కష్టం. సుందరయ్య ఆ కష్టంతోనే మొదలుపెట్టారు. పేరు చివర ఉన్న రెడ్డిని కోసేశారు. తర్వాత తన వాటాకు వచ్చిన ఆస్తినీ పార్టీకి ఇచ్చేశారు.

ఆ రోజుల్లోనే అమీర్ హైదర్ ఖాన్ రహస్యంగా మద్రాసు వచ్చి పనిచేస్తున్నారు. రావల్పిండి వైపు పుట్టి, ఓడల్లో కూలిపని చేస్తూ లోకం తిరిగిన కార్మికుడు ఆయన. మీరట్ కుట్ర కేసులో పోలీసులు వెతుకుతున్న మనిషి. సుందరయ్యను పార్టీలోకి తెచ్చింది ఆయనే. 1932లో ఆయన అరెస్టయ్యాక దక్షిణాదిన పార్టీని నిలబెట్టే భారం ఇరవై ఏళ్లు నిండని సుందరయ్య మీద పడింది. ఆంధ్ర, తమిళ, కేరళ ప్రాంతాలు తిరిగి కార్యకర్తలను కూడగట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని సంయుక్త కార్యదర్శుల్లో ఒకరయ్యారు.

1943లో లీలగారిని పెళ్లి చేసుకున్నారు. ఆమె కూడా పార్టీ పనిలో ఉన్న మనిషే. పిల్లలుంటే ఉద్యమానికి ఇవ్వాల్సిన కాలం తరిగిపోతుందని, పిల్లలు వద్దని నిశ్చయించుకున్నారు. అందరూ అట్లా చెయ్యాలని ఎవరూ అనరు. పిల్లలను సాకుతూ, కూలికి పోతూ సంఘం నడిపే అక్కచెల్లెళ్ల త్యాగం అంతకు తక్కువది కాదు. నమ్మిన పనికి వెల ఉంటుందని, ఆ వెల ముందు తామే కట్టాలని మాత్రం ఆ దంపతులు చూపించారు.

ఇక తెలంగాణ. అప్పట్లో డోంగ్లి కూడా నిజాం ఏలుబడిలోదే. దొరలు, పటేళ్లు, పట్వారీల కింద వెట్టి చాకిరీ, నాగు వడ్డీలు మన ముసలోళ్ల నోట విన్నవే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాక, నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం పల్లెల్లో వడిసెల పట్టిన రైతు చివరికి తుపాకి పట్టాడు. ఆ పోరాట నాయకుల్లో సుందరయ్య ఒకరు. 1948 నుంచి ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపారు. 1972లో ఆ చరిత్రను పెద్ద పుస్తకంగా రాశారు. ఆయన లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో ప్రజల పాలన సాగింది. 10 లక్షల ఎకరాలు పంచారు. 4,000 మంది దాకా ప్రాణాలిచ్చారు.

ఆ పోరాటం ఎప్పుడు ఆపాలన్న దాని మీద నాయకుల్లో భేదాలొచ్చాయి. నిజాం సర్కారు కూలిపోగానే ఆపాలన్నారు రావి నారాయణరెడ్డి వంటివారు. పేదలు సాధించుకున్న భూమిని కాపాడుకోవడానికి కొనసాగించక తప్పదన్నారు సుందరయ్య. చివరికి 1951 అక్టోబరులో విరమించారు. పంచిన భూమిలో కొంత మళ్లీ భూస్వాముల చేతికే పోయింది. ఈ చేదు సంగతులను ఆయన దాచలేదు. తప్పులనూ పాఠాలుగానే రాశారు.

1952లో రాజ్యసభకు వెళ్లారు. పార్లమెంటుకు సైకిలు మీద పోయేవారు. 1955లో, 1962లో, మళ్లీ 1978లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. అక్కడికీ సైకిలే. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1970ల నడుమ పార్టీ విధానంతో తనకు పొత్తు కుదరక ఆ పదవి వదిలేశారు. పదవి పోతే పని పోతుందనుకోలేదు. మళ్లీ రాష్ట్రంలో, జనం మధ్య పనిలోకే వచ్చారు. 1985 మే 19న కన్నుమూశారు.

ఆయన బతుకులో డోంగ్లి పిల్లలకు పనికొచ్చే ముచ్చట ఇంకొకటుంది. 1974లో, అరవై దాటిన వయసులో, గుంటూరు జిల్లా అనంతవరంలో ఆయన సర్వే చేయించారు. ఏ ఇంటికి ఎంత భూమి? సొంతమా, కౌలా? కూలి ఎంత, పని ఎన్ని రోజులు? ఇవే ప్రశ్నలు. నలభై ఏళ్లు పేదల కోసం పనిచేసిన మనిషి కూడా పేదల సంగతి నాకంతా తెలుసనుకోలేదు. అడిగి, రాసుకుని, అప్పుడు మాట్లాడారు. పరిశోధకులు 2005-06లో అదే ఊరికి పోయి మళ్లీ లెక్కలు తీశారు. ముప్పై ఏళ్లలో ఏం మారిందో పోల్చి చూడటానికి ఆ పాత లెక్కే ఆధారమయింది.

కనుక తమ్ముడూ, చెల్లీ, బతుకు పెట్టదగ్గ పని ఎక్కడుందని ఆకాశం వంక చూడొద్దు. ఒక నోటు పుస్తకం కొనుక్కో. నీ వాడలో మొదలుపెట్టు. భూమి ఎవరి పేరున ఉంది, దున్నేది ఎవరు, కౌలు ఎంత, అప్పు ఎవరి దగ్గర, ఆడోళ్లకు ఎంత కూలి, మగోళ్లకు ఎంత అని రాయి. తెలుగు ఇల్లు, మరాఠీ ఇల్లు, కన్నడం ఇల్లు అని విడదీయకు. రాసింది సంఘం మీటింగులో అందరి ముందూ చదువు. అది విన్నాక ఏం చెయ్యాలన్నది ఎవరూ నీకు వేరుగా చెప్పనక్కర్లేదు.