కంచెకఱ్ఱల లింకన్

అమెరికా సంయుక్త రాష్ట్రముల పదునారవ అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున ఒక దుంగల గుడిసెలో జన్మించెను. తండ్రి సేద్యమును, వడ్రంగమును చేసి కుటుంబమును పోషించుచుండెను. లింకన్ బడిలో చదివిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరమునకు మించవు. బాల్యముననే గొడ్డలి చేపట్టి చెట్లు నఱకెను. యౌవనమున కూలికి పడవ నడిపెను. స్వయంకృషిచే న్యాయశాస్త్రము నభ్యసించి న్యాయవాది యయ్యెను.

1842లో ఆయన కలవారి యింటి ఆడపడుచైన మేరీ టాడ్‌ను వివాహమాడెను. మఱుసటి యేడు కాంగ్రెసు స్థానమునకు విగ్ పక్షము తన్ను నిలుపవలెనని కోరగా, ఈతడు ధనికుల మనిషి, గొప్పింటి వారి అభ్యర్థి యను మాట పుట్టెను. నెలకు కొలది డాలర్ల కూలికి పనిచేసిన దినములను మఱువని లింకనుకు ఈ మాట ఆశ్చర్యమును, ఖేదమును కలిగించెను. పక్షము ఆయనను కాదని వేఱొకరిని నిలిపెను.

1860 నాటికి పరిస్థితి తలక్రిందులయ్యెను. లింకన్ అప్పటికి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున పేరొందిన న్యాయవాది. రైలు సంస్థ పక్షమునను వాదించినవాడు. కాని ఆ మే నెలలో డెకటూర్‌లో జరిగిన ఇల్లినాయ్ రిపబ్లికన్ మహాసభలోనికి ఆయన బంధువు జాన్ హాంక్స్ రెండు కంచెకఱ్ఱలను తెప్పించెను. అవి 30 ఏండ్ల క్రిందట లింకన్ చీల్చిన కఱ్ఱలని తెలియగానే సభ హర్షధ్వానములతో మాఱుమ్రోగెను. నాటినుండి కఱ్ఱలు చీల్చిన కష్టజీవిగా ఆయన పేరు దేశమంతట వ్యాపించెను.

ఆయన రూపమును చర్చనీయాంశమే. ఆరడుగుల నాలుగంగుళముల పొడవు, బక్కపలుచని దేహము, పీక్కుపోయిన చెక్కిళ్ళు; ప్రత్యర్థుల పత్రికలు ఆయనను కురూపియని పరిహసించినవి. ఫిబ్రవరిలో న్యూయార్కున మాథ్యూ బ్రేడీ తీసిన ఛాయాచిత్రము మాత్రము ఆయనను గంభీరునిగా చూపి ఊరూర ప్రచారమునకు తోడ్పడెను. అక్టోబరులో వెస్ట్‌ఫీల్డునుండి గ్రేస్ బెడెల్ అను పదునొకండేండ్ల బాలిక, గడ్డము పెంచినచో ఓట్లు హెచ్చునని లేఖ వ్రాసెను. లింకన్ మాట యీయక, మర్యాదగా బదులు వ్రాసెను. ఆయన గడ్డము లోకమునకు కనబడినది ఎన్నిక ముగిసిన పిదపనే!

1843లో ధనికుడని త్రోసిరాజన్నదియు, 1860లో శ్రమజీవియని ఎత్తుకొన్నదియు ఒక్క మనిషినే. ఓటరు కంటికి కనబడినది ఒకప్పుడు అత్తవారి సంపద, మఱొకప్పుడు కంచెకఱ్ఱ. బానిసత్వము క్రొత్త ప్రాంతములకు వ్యాపింపరాదన్న ఆయన పట్టుదల కఱ్ఱలలో కనబడునది కాదు. 1863 జనవరి 1వ తేదీన వెలువడిన విముక్తి ప్రకటనయే ఆయన అసలు రూపమును చూపెను. 1865 ఏప్రిల్ 15న హంతకుని గుండుదెబ్బకు ఆయన అసువులు బాసెను. వేషమును చూచి వేసిన ఓటు యోగ్యునికి చెందుట దేశము అదృష్టము; ప్రతి పర్యాయమును అట్టి అదృష్టము కలుగునని నమ్మరాదు.