ఐక్యతాసాధకుడు అజరయ్య

హైదరాబాదు పాతనగరమందలి చౌమహల్లా దర్బారు నిజాము రాజ్యమునకు కేంద్రమై వెలుగుచున్న దినములలో, ఆ రాజ్యపు తూర్పుభాగమున దోర్నకల్లు ఒక చిన్న రైలుకూడలి మాత్రమే. 1912 డిసెంబరు 29వ తేదీన ఆ ఊరికి ఒక విశిష్టత లభించెను. ఆనాడు కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రలులో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అభిషిక్తుడయ్యెను. దోర్నకల్లే ఆయన పీఠము. ఆయనయే వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో జన్మించిరి. తండ్రి ఒక గ్రామమున క్రైస్తవ గురువు. మాతృభాష తమిళము. యౌవనమున వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు పర్యటించిరి. విదేశీయుల ధనముపై ఆధారపడక, భారతీయులే భారతీయులకు సేవచేయవలెనని తలచి, 1903లో తిరునల్వేలి క్రైస్తవులచే ఒక సేవాసంస్థను స్థాపింపజేసిరి. ఆ సంస్థ ఎన్నుకొన్న క్షేత్రము మన తెలుగునేల. 1909లో గురుపట్టము పొంది, తామే దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, తెలుగువారిలో ఒకరైరి.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. ఆ సభలో అజరయ్యగారు పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, వారికిని భారతీయ సహచరులకును నడుమ సమానస్నేహము కొరవడినదని నిర్భయముగా చెప్పిరి. ఆ మాట కొందరికి కష్టము తోచినను, సభ దానిని మరువలేదు.

ఆ కాలమున తెలుగుదేశపు క్రైస్తవుల స్థితి విచిత్రమైనది. గుంటూరు ప్రాంతమువాడు లూథరన్, ఒంగోలువాడు బాప్టిస్టు, మెదకువాడు వెస్లియన్. ఈ భేదములు వారు ఆలోచించి ఎన్నుకొన్నవి కావు. ఏ సీమకు ఏ మిషన్ వచ్చెనో, ఆ సీమవారికి ఆ పేరు సంక్రమించెను. ఐరోపాలో ఎన్నడో జరిగిన వివాదములు మన పల్లెలలో వారసత్వములయ్యెను. వీనికి తోడు స్వదేశపు జాడ్యమొకటి కలదు. దోర్నకల్లు మండలమున సంఘములో చేరినవారిలో పెక్కుమంది మాల, మాదిగ కులములవారు. ఒకే ప్రభువును కొలుచుచును వారు కలిసి కూర్చుండుటకు వెనుదీయుచుండిరి. అజరయ్యగారి దృష్టిలో ఈ రెండును ఒకే వ్యాధి. ఒకే పాత్రనుండి ప్రభుభోజనము స్వీకరింపలేనివారు క్రైస్తవులమని ఎట్లు చెప్పుకొందురని వారి వేదన.

1919లో తరంగంబాడిలో ఆంగ్లికన్ సంఘమునకును, దక్షిణ ఇండియా ఐక్యసంఘమునకును చెందిన గురువులు సమావేశమై ఏకము కావలెనని తీర్మానించిరి. ఆ ప్రయత్నమున అజరయ్యగారు అగ్రగణ్యులు. పిమ్మట వెస్లియనులును చర్చలలో చేరిరి. చర్చలు 28 సంవత్సరములు సాగెను. చిక్కు ఒక్కటే: బిషప్పు హస్తనిక్షేపణము పొందని గురువులను ఆంగ్లికనులు అంగీకరింపవచ్చునా? ఉన్నవారిని ఉన్నట్లే స్వీకరించి, ఇకమీద నియమితులగువారికి మాత్రము బిషప్పులే పట్టమీయవలెనని తుదకు సమాధానము కుదిరెను. ఎవరును తమ గతమును అవమానించుకొననక్కరలేని మార్గమిది.

1939 జనవరి 6న దోర్నకల్లు కథీడ్రలు ప్రతిష్ఠ జరిగెను. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులు మూడును అందు కలిసియున్నవి. క్రైస్తవుడగుటకు స్వదేశమును విడువనక్కరలేదను వారి విశ్వాసమునకు ఆ కట్టడమే సాక్షి.

1945 జనవరి 1న అజరయ్యగారు దోర్నకల్లులోనే కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. ఆంగ్లికనుల దోర్నకల్లు, వెస్లియనుల మెదకు ఒకే కుటుంబములోనివయ్యెను. బాప్టిస్టులు, లూథరనులు వెలుపలనే నిలిచిరి. కులభేదము పూర్తిగా సమసిపోలేదు. అయినను, నాటినవాడు ఫలము చూడకున్నను చెట్టు ఫలింపక మానదు. భేదములను మన్నించుచునే కలిసి పనిచేయుట ఎట్లో నేర్వగోరు విద్యార్థులకు ఈ జీవితము పఠనీయము.