శిల్పాల దొంగతనం నుంచి పాత వీధుల చట్టం దాకా: ఆంద్రే మాల్రో

1923 డిసెంబరులో కంబోడియా అడవిలోని బాంతే స్రేయి గుడి గోడల నుంచి దేవతా శిల్పాలను ఊడదీసి, పెట్టెల్లో సర్ది తీసుకుపోతూ 22 ఏళ్ల ఫ్రెంచి యువకుడు ఒకడు ఫ్నోం పెన్‌లో పోలీసులకు చిక్కాడు. కింది కోర్టు మూడేళ్ల జైలు వేసింది. భార్య క్లారా ఫ్రాన్సుకు వెళ్లి పేరున్న రచయితల చేత సంతకాలు పెట్టించింది. సైగాన్‌లోని అప్పీలు కోర్టు 1924 అక్టోబరులో శిక్షను ఏడాదికి తగ్గించి, దాన్నీ నిలిపివేసింది. శిల్పాలు తిరిగి గుడికి చేరాయి. అసలు ఆ శిథిలాలయానికి అప్పటికి చట్టపరమైన రక్షణ ఉందా అన్నది విచారణలో పెద్ద వాదన. ఆ యువకుడే ఆంద్రే మాల్రో. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ఫ్రాన్సులోని పాత ఇళ్లను కాపాడే చట్టానికి ఆయన పేరే స్థిరపడింది.

మాల్రో 1901లో పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు విడిపోవడంతో బాండీ అనే శివారు ఊళ్లో అమ్మ, అమ్మమ్మల కిరాణా కొట్టు దగ్గర పెరిగారు. చదువు మధ్యలోనే ఆపేశారు. కంబోడియా కేసు ఆయనను వలస పాలన మీద విమర్శకుడిగా మార్చింది. 1925లో సైగాన్‌లో పత్రిక నడిపారు. 1933లో వచ్చిన నవలకు గోంకూర్ బహుమతి, ఆ తర్వాత స్పెయిన్ అంతర్యుద్ధం, నాజీలపై ప్రతిఘటన, చివరికి డీగాల్ పక్కన చోటు. తన గురించి తాను కల్పించుకున్న కథలు కూడా తక్కువేమీ కాదు. 1959లో సాంస్కృతిక వ్యవహారాల మంత్రి అయ్యి, పదేళ్లు ఉన్నారు.

మంత్రిగా ముందు పారిస్ గోడల మీద పడ్డారు. ఇంటి ముందుగోడను పదేళ్లకోసారి శుభ్రం చేయించాలన్న 1852 నాటి నిబంధన ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. దాన్ని దులిపి అమలు చేయించారు. మసిబారిన భవనాలు మళ్లీ తెల్లబడ్డాయి. నల్లగా ఉంటేనే అందమన్నవాళ్లూ లేకపోలేదు.

అసలు చిక్కు లియోన్‌లో ఉంది. సోన్ నది ఒడ్డున, ఫూర్వియేర్ కొండ కింద ఉన్న పాత లియోన్‌లో 15, 16 శతాబ్దాల్లో వర్తకులు, ఇటలీ నుంచి వచ్చిన బ్యాంకర్లు కట్టుకున్న ఇళ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. వీధి వైపు ఇరుకైన ముఖభాగాలు, లోపల గుండ్రటి మెట్ల బురుజులు, ఒక వీధి నుంచి మరో వీధికి ఇళ్ల కిందుగా సాగే ‘ట్రాబూల్’ దారులు. 20వ శతాబ్దానికి అవి పేదల అద్దె గదులుగా మారాయి. మేయర్ లూయీ ప్రదెల్‌కు అందులో మురికివాడే కనిపించింది. ఆ పేటను చీల్చుకుంటూ కార్లకు రోడ్డు వేయాలనుకున్నారు. స్థానికులు 1946లోనే ఒక రక్షణ సంఘం పెట్టుకున్నారు గానీ, వారి చేతిలో తగిన చట్టం లేదు. 1913 చట్టం గుర్తింపు పొందిన కట్టడాలను కాపాడేది. 1943లో వాటి చుట్టూ 500 మీటర్ల పరిధిలో మార్పులకు అనుమతి తప్పనిసరి చేశారు. అయినా చట్టం చూపు కట్టడం మీదే. మన పురాతన కట్టడాల చట్టమూ దాదాపు ఈ దారిలోనే నడుస్తుంది.

1962 ఆగస్టు 4 నాటి చట్టం ఆ చూపును మార్చింది. విడిగా చూస్తే గొప్పవి కాని ఇళ్లు వీధిగా కలిసి వారసత్వమవుతాయన్నది మాల్రో వాదన. ఒక ప్రాంతాన్ని ‘రక్షిత విభాగం’గా ప్రకటిస్తే, అందులో ప్రభుత్వ వాస్తుశిల్పి అనుమతి లేకుండా గోడ కూల్చడానికి వీల్లేదు, కిటికీ మార్చడానికీ వీల్లేదు. మరమ్మతులు చేయమని యజమానిని ఒత్తిడి చేయవచ్చు. నియమాలు ముఖభాగంతో ఆగవు. లోపలి మెట్లకూ వర్తిస్తాయి. 1964లో పాత లియోన్ దేశంలోనే తొలి రక్షిత విభాగమైంది. రోడ్డు ఆగింది. కార్లు మాత్రం ఆగలేదు. 1971లో ఫూర్వియేర్ కొండను తొలిచి సొరంగం తెరిచారు.

చట్టం గోడలను కాపాడినంత బాగా వాటి వెనుక బతికేవాళ్లను కాపాడలేదు. మరమ్మతుల కోసం ఖాళీ చేసిన అద్దెదారు తిరిగి రావచ్చని నిబంధన ఉంది. అయితే బాగుచేసిన ఇంటి అద్దె కట్టగలిగినవాళ్లు ఎందరు? పారిస్‌లోని మారె పేటలో చేతిపనుల కుటుంబాలు కదిలిపోయి, డబ్బున్నవాళ్లు వచ్చారు. తర్వాత అదే చట్టం పేరుతో ఇచ్చిన పన్ను రాయితీలు పాత ఇంటిని మంచి పెట్టుబడిగా మార్చాయి. దీనికంతా మాల్రోనే తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన దృష్టి రాయి మీద ఉంది, అద్దె మీద లేదు.

ఆయనకు మన ఉపఖండంతోనూ అనుబంధం ఉంది. నెహ్రూతో పరిచయం, 1972 సంవత్సరానికి నెహ్రూ అవార్డు, 1971లో బంగ్లాదేశ్ కోసం దాదాపు 70 ఏళ్ల వయసులో ఆయుధం పడతానన్న ప్రకటన. 1976లో కన్నుమూశారు. ఇరవై ఏళ్లకు అవశేషాలను పాంథియాన్‌కు తరలించారు. 1998లో యునెస్కో లియోన్ చారిత్రక ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో మరో చట్టం ‘రక్షిత విభాగం’ అన్న పేరును మార్చింది. పాత లియోన్‌లో ఇప్పుడు ఆ ఇళ్ల కింది అంతస్తుల్లో ఎక్కువగా కనిపించేవి పర్యాటకుల భోజనశాలలే.