చెవిటి పండితుడు జాన్ కిట్టో

బైబిలు నిఘంటువులు వాడు బోధకులు జాన్ కిట్టో పేరు వినియుందురు. ఆయన చెవిటివాడని ఎరిగినవారు కొద్దిమందే.

ఆయన 1804లో ఇంగ్లాండులోని ప్లిమత్ పట్టణమున పుట్టెను. తండ్రి తాపీపనివాడు, త్రాగుబోతు. 1817 ఫిబ్రవరిలో, 12 ఏండ్ల జాను తండ్రికి కప్పు పలకలు మోయుచు, నిచ్చెన చివరి మెట్టు మీదనుండి జారి 35 అడుగుల క్రింద రాతినేలపై పడెను. సుమారు రెండు వారములు స్పృహ లేదు. మేల్కొనినప్పుడు ఇల్లంతయు ఏల ఇంత నిశ్శబ్దముగా నున్నదో అతనికి బోధపడలేదు. ఎరువు తెచ్చుకొనిన పుస్తకము అడిగెను. వారు సైగలు చేసిరి, పిమ్మట పలకమీద వ్రాసిరి. నోటితో చెప్పక వ్రాయుట యేలయని అతడు విసుగుకొనగా, నీకు చెవుడు వచ్చినదని వ్రాయవలసి వచ్చెను. ఆ మాట వ్రాసిన చెయ్యి ఎంత వణకెనో!

వైద్యులు చెవులలో వేడివి, చల్లనివి ద్రవములు పోసిరి, రక్తము తీసిరి, జలగలు పట్టించిరి. తుదకు పండ్ల మధ్య గడియారము పెట్టి చూచిరి. దాని చప్పుడు తెలియలేదు. అంతటితో ఆశ వదలుకొనిరి. ఎముకగుండా కూడ శబ్దము చేరనియెడల లోపలి చెవియో నరమో చెడియుండునని నేటి వైద్యులు తలంతురు. ఇప్పుడు లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగమున సన్నని తీగ అమర్చి, వినికిడి నరమునకు విద్యుత్తు అందించు ఆపరేషను కలదు. అయితే ఆ నరము పనిచేయుచుండవలెను. అమర్చిన పిదప ఆ క్రొత్త శబ్దమును మాటగా గ్రహించుటకు నెలల తరబడి అభ్యాసము కావలెను. మెదడు జ్వరముచేత వినికిడి పోయిన తన కుమారునికి దీనిని చేయింపవచ్చునా యని మా సంఘములో ఒక తల్లి నన్నడిగెను. ప్రార్థన చాలునమ్మా యనుటకు నాకు నోరు రాలేదు. ప్రార్థించి, ఆలస్యము చేయక చెవి డాక్టరునొద్దకు తీసికొనిపొమ్మంటిని.

కిట్టోకు అట్టి దారి లేదు. 1819లో బీదల ఆశ్రమమున చేరి చెప్పులు కుట్టుట నేర్చుకొనెను. క్రమముగా మాటాడుటయే మానివేసెను. 1827లో మాల్టాకు ఓడలో పోవునప్పుడు, సైగలకు జవాబియ్యము, నోటితో అడుగుమని తోడివారు పట్టుబట్టిరి. అది కఠినమైన దయయే గాని, ఆయన నాలుక మరల విడివడెను.

1824లో ఆయనను చేరదీసిన దంతవైద్యుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, 1829లో బాగ్దాదుకు వెంటబెట్టుకొని పోయెను. (ఈ గ్రోవ్స్ ప్రేరణచేతనే 1836లో బౌడెన్, బీర్ కుటుంబములు మన దేశమునకు వచ్చి, గోదావరి డెల్టా సేవకు పునాది వేసిరి.) తూర్పుదేశమున కన్నులతో చూచిన ఇండ్లు, వస్త్రములు, ఆచారములు కిట్టోకు బైబిలు వివరించుటకు సాయపడెను. 1833లో తిరిగివచ్చి పెండ్లిచేసికొనెను. బొమ్మల బైబిలు సిద్ధపరచెను. అభిషేకము పొందని ఆయనకు 1844లో గీసెన్ విశ్వవిద్యాలయము దైవశాస్త్ర డాక్టరు పట్టమిచ్చెను. 1854లో జర్మనీలో మరణించెను.

1845లో తన చెవిటితనమును గూర్చి ఒక పుస్తకము వ్రాసి, అందులో ఏమియు దాచలేదు. నేలమీద ఏదైన పడినయెడల ఆ అదురు పాదములకు తెలియుచుండెడిది. తన బిడ్డల స్వరము మాత్రము ఒక్కసారియు వినలేదు.