మాక్స్ వాన్ స్టెఫానిట్జ్
మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ (డిసెంబర్ 30, 1864 - ఏప్రిల్ 22, 1936) జర్మన్ షెపర్డ్ కుక్క జాతికి రూపమిచ్చిన జర్మన్ సైనికాధికారి. తెలుగునాట అల్సేషియన్ అని పిలువబడే జాతి ఇదే. కుక్కను అందమును బట్టి కాక, అది చేయగల పనిని బట్టి ఎంచవలెనన్నది ఇతని మూలసూత్రం.

తొలి జీవితం

స్టెఫానిట్జ్ డ్రెస్డెన్ నగరంలో జన్మించాడు. అశ్వికదళంలో చేరి కెప్టెన్ హోదా పొందాడు. బెర్లిన్ పశువైద్య కళాశాలలో గడిపిన కాలంలో జంతువుల శరీర నిర్మాణం, కదలికల గురించి నేర్చుకున్నాడు. ఆ కాలంలో జర్మనీలో గొర్రెల మందలను కాసే కుక్కలు ప్రాంతానికొక రూపంలో ఉండేవి. వీటిలోని మంచి లక్షణాలన్నీ ఒకే జాతిలోకి తేవాలని అతడు భావించాడు. సైన్యాన్ని వీడిన తరువాత మ్యూనిక్ సమీపంలోని గ్రాఫ్రాత్ వద్ద స్థిరపడి ఈ కృషికి పూనుకున్నాడు.

హోరాండ్, సంఘ స్థాపన

1899 ఏప్రిల్ 3న కార్ల్స్‌రూహె నగరంలో జరిగిన కుక్కల ప్రదర్శనలో హెక్టర్ లింక్స్‌రైన్ అనే కుక్క స్టెఫానిట్జ్‌ను ఆకర్షించింది. తోడేలును పోలిన ఆ కుక్కను అతడు కొని, హోరాండ్ వాన్ గ్రాఫ్రాత్ అని పేరు మార్చాడు. అదే నెల 22న ఆర్టర్ మేయర్ తదితరులతో కలిసి జర్మన్ షెపర్డ్ సంఘాన్ని స్థాపించి, అధ్యక్షుడయ్యాడు. సంఘ వంశావళి పుస్తకంలో మొదటి సంఖ్య హోరాండ్‌దే.

జాతి లక్షణాలను త్వరగా స్థిరపరచడానికి హోరాండ్ సంతతినే మళ్లీ మళ్లీ జతకట్టించారు. దీనివలన జాతికి ఏకరూపత వచ్చినా, దగ్గరి రక్తసంబంధం వలన లోపాలు కూడా తరతరాలకు సంక్రమించాయి.

కొత్త పనులు

పరిశ్రమలు పెరిగి గొర్రెల పెంపకం తగ్గడంతో ఈ జాతికి పని లేకుండా పోయే ప్రమాదం ఏర్పడింది. పని లేని జాతి తన గుణాన్ని కోల్పోతుందని తలచిన స్టెఫానిట్జ్, పోలీసులను, సైన్యాన్ని ఈ కుక్కలను వాడుకొనేలా ఒప్పించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇవి వార్తలు చేరవేయడానికి, గాయపడిన సైనికులను వెదకడానికి ఉపయోగపడ్డాయి. యుద్ధకాలంలోనే జర్మనీలో అంధులకు దారి చూపే కుక్కలకు శిక్షణ మొదలైంది.

యుద్ధానంతరం ప్రదర్శనలపై మోజు పెరిగి, కుక్కలు మరీ ఎత్తుగా తయారవుతున్నాయని స్టెఫానిట్జ్ గమనించాడు. 1925లో జరిగిన ప్రదర్శనలో, ఎత్తు తక్కువగా, శరీరం పొడవుగా ఉన్న క్లోడో వాన్ బాక్స్‌బర్గ్ అనే కుక్కను విజేతగా ఎంచి జాతి గమనాన్ని మార్చాడు.

స్వభావం, పోషణ

ఈ జాతి మగ కుక్క భుజాల వద్ద 60 నుండి 65 సెంటీమీటర్ల ఎత్తు, 30 నుండి 40 కిలోల బరువు ఉంటుంది. యజమాని పట్ల విశ్వాసం, త్వరగా నేర్చుకొనే శక్తి, అపరిచితుల పట్ల జాగరూకత దీని స్వభావం. మనుషులకు దూరంగా బోనులలో పెంచరాదని స్టెఫానిట్జ్ భావించేవాడు. వీటికి ప్రతిరోజూ వ్యాయామం, చిన్ననాటి నుండే శిక్షణ అవసరం. వెంట్రుకలు దట్టంగా రెండు పొరలుగా ఉండుటచే తరచుగా దువ్వాలి. వేడి ప్రాంతాలలో ఉదయం, సాయంత్రం వేళల్లోనే తిప్పడం మంచిది. తుంటి కీలు సరిగా అమరకపోవడం ఈ జాతిలో తరచుగా కనిపించే లోపం కనుక, కుక్కపిల్లను కొనేముందు దాని తల్లిదండ్రుల ఆరోగ్య వివరాలు తెలుసుకోవాలి.

చివరి రోజులు, ప్రభావం

నాజీల పాలనలో సంఘంపై ఒత్తిళ్లు పెరగగా, స్టెఫానిట్జ్ 1935లో అధ్యక్ష పదవిని వీడాడు. మరుసటి సంవత్సరం, సంఘం స్థాపించిన తేదీనే, డ్రెస్డెన్‌లో మరణించాడు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో జర్మన్ అనే పదం పట్ల విముఖత వలన ఈ జాతికి అల్సేషియన్ అని పేరు పెట్టారు. 1977లో అక్కడ పాత పేరును పునరుద్ధరించినా, భారతదేశంలో రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. ఇక్కడి పోలీసు జాగిలాలలో కూడా ఈ జాతి ఉంది. అతని తరువాత ఈ జాతి ప్రదర్శన కుక్కలు, పని కుక్కలు అని రెండు శాఖలుగా చీలింది. ప్రదర్శన శాఖలో వెన్ను మరీ ఏటవాలుగా మారడంపై విమర్శలు వచ్చాయి. పనికంటే రూపానికి ప్రాధాన్యమిస్తే జాతి దెబ్బతింటుందన్న అతని వాదన ఈ చర్చలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది.