వ్యాయామాచార్య కోడి రామమూర్తి నాయుడుగారు

విద్యలలో గ్రంథముచే బోధింపదగినవి కొన్ని, గురువు తన దేహముచేతనే బోధింపవలసినవి కొన్ని. వ్యాయామవిద్య రెండవ తెగకు జేరినది. ఇందొక చిక్కు గలదు. వైద్యునియొద్దకు బాధ జనులను తఱుముకొని వచ్చును. వకీలుయొద్దకు వ్యాజ్యెము లాగుకొని వచ్చును. వ్యాయామోపాధ్యాయునియొద్దకు మాత్ర మెవరిని ఏది తెచ్చును? ఆరోగ్యవంతునకు ఆ యవసరము తోచదు. బలహీనునకు సిగ్గు అడ్డుపడును. కావున క్రొత్తగా ఈ వృత్తిని జేపట్టిన యువకునకు విద్య నార్జించుటకంటె శిష్యుల నార్జించుటయే కష్టతరము. ఆ మార్గము నెఱుగగోరువారికి కోడి రామమూర్తి నాయుడుగారి చరిత్రమునకు మించిన పాఠము మన ప్రాంతమున మాకు గానరాదు.

రామమూర్తి నాయుడుగారు వీరఘట్టమున జన్మించిరి. 1880 తరువాతి దశకమది. చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండిన ఆ గ్రామము 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో జేరినది. తండ్రి వెంకన్న నాయుడుగారు. బాల్యమునందే తల్లిని గోల్పోయిన ఈ బాలుడు విజయనగరమున పోలీసుశాఖలో నుద్యోగించుచుండిన పినతండ్రి నారాయణస్వామి నాయుడుగారి యింట పెరిగెను. విజయనగర మప్పుడు సామాన్యపట్టణము గాదు. గురజాడ అప్పారావుగారు, ఆదిభట్ల నారాయణదాసుగారు నడయాడిన వీథు లవి. గజపతుల యాదరమున సంగీతసాహిత్యము లెట్లు వర్ధిల్లెనో, తాలింఖానాలలో కుస్తీయు, సాముగరిడీలు నట్లే వర్ధిల్లెను. బాలునకు పుస్తకముకంటె గోదాయందు మక్కువ మెండుగా నుండెను. పినతండ్రి దానిని దోషముగా నెంచక ఆ మక్కువనే జీవికగా మలచ సంకల్పించి, వ్యాయామోపాధ్యాయ శిక్షణమునకై మదరాసు చెంతనున్న సైదాపేటకు బంపెను. అచ్చట నొక సంవత్సరము శిక్షణము బొంది, యోగ్యతాపత్రముతో మరలివచ్చి, నాయుడుగారు విజయనగరమున తాము చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయులైరి.

పాఠశాలలలో చిరకాలము పనిచేసిన మేము ఆ యుద్యోగపు స్థితి నెఱుగుదుము. డ్రిల్లు మాస్టరునకు శిష్యులు గంట మ్రోగగానే వత్తురు. గంట మ్రోగగానే పోవుదురు. పరీక్షలు సమీపించెనా, ఆ గంటను గణితమో ఇంగ్లీషో కబళించును. శిష్యులు సంఖ్యకు గలరు, శ్రద్ధకు లేరు. ఈ విద్య పాఠశాల ప్రహరిలోపల నిమిడియుండదగినది కాదని నాయుడుగారు గ్రహించియుందురు. లేకున్న జీతమువచ్చు కొలువును విడిచి, డేరాను నమ్ముకొని దేశముమీదికి బయలుదేరుటకు వేఱు హేతు వేది?

మహారాష్ట్రమున విష్ణుపంత్ ఛత్రే 1880లో తన సర్కసును నెలకొల్పినది మొదలు మన దేశమున స్వదేశీయుల సర్కసు కంపెనీలు బయలుదేరినవి. విజయనగరమున పొట్టి పంతులుగారి తోడ్పాటుతో నాయుడుగారును ఒక సర్కసు కంపెనీని స్థాపించిరి. ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట, ఉక్కు గొలుసును దేహమునకు జుట్టించుకొని శ్వాసము నిండించి త్రెంచుట, భుజములకు గట్టిన గొలుసులతో రెండు మోటారుకార్లను గదలనీయక నిలుపుట ఆయన ప్రదర్శనములలో ప్రసిద్ధములు. ప్రజలు కలియుగభీముడనిరి.

ఈ కార్యములు మాయలు గావు, మంత్రములు గావు. ఏనుగునకును రొమ్మునకును నడుమ నొక గట్టి పలక యుండును. దానిచేత భారమొక్కచోట గ్రుచ్చుకొనక దేహమున విశాలముగ బరచుకొనును. ఊపిరితిత్తులనిండ గాలిని బూరించి కుంభించినచో ప్రక్కటెముకల గూడు బిగిసి నిలుచును. అయినను ఉపాయము తెలిసినంతమాత్రమున నెవ్వడును ఏనుగు క్రింద బరుండజాలడు. ఇరువదియొకటవ యేట నాయుడుగారు రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువును, అటుపిమ్మట 3 టన్నుల బరువును మోసిరని ఆయన చరిత్రమును వ్రాసినవారు చెప్పుదురు. అనగా కొంచెము కొంచెముగ బెంచుకొనిన బలమన్నమాట. నిత్యాభ్యాసము, ప్రాణాయామము, శాకాహారము, నియతజీవనము ఇందులకు మూలములు. మాంసము లేనిదే బలము లేదను లోకప్రతీతికి ఆయన దేహమే ప్రత్యుత్తరము.

ఇక్కడ పాఠకులు గమనింపదగిన విశేషమొకటి గలదు. నాయుడుగారు ప్రదర్శనముతో దృప్తి నొందలేదు. సభకు వచ్చినవారికి దేహపోషణమును గూర్చియు, శ్వాసనియమమును గూర్చియు ఉపన్యసించి, తమ బలము సాధనచే గలిగినదేగాని వరముచే గలిగినది గాదని తెలుపుచుండిరి. టిక్కెట్టు కొన్నవాడు వింత జూడ వచ్చును. తానును కొంత సాధింపవచ్చునను నాసతో మరలును. ప్రేక్షకునకును శిష్యునకును నడుమనున్న దూరమంతయు ఆ యాసయే.

బంగాళమునందలి భవేంద్రమోహన సాహా యిందులకు నిదర్శనము. కలకత్తాలో నాయుడుగారి సర్కసును జూచి యాకృష్టుడైన ఆ యువకుడు యౌవనారంభముననే వారి బృందమున జేరి, రంగూను మున్నగు దూరదేశములు దిరిగి, కాలక్రమమున భీమభవానియను పేర బంగాళమంతట బ్రఖ్యాతి గాంచి 1922లో మృతినొందెను. తెలుగునేలపై బుట్టిన గురువునకు గంగాతీరమున శిష్యుడు దొరకెను. పత్రికలో బ్రకటించిన ప్రకటనచేత గాదు. కన్నులార జూచిన దానిచేత.

ఆ కాలముననే పాశ్చాత్యదేశములందు యూజీన్ శాండో యను మల్లుడు ఇట్టి మార్గమునే త్రొక్కెను. మొదట రంగస్థలముపై బలప్రదర్శనములు గావించి, పేరు సంపాదించిన పిమ్మట 1897లో లండనునందు వ్యాయామశిక్షణాలయమును దెఱచి, పత్రికను నడపి, వ్యాయామపరికరముల విక్రయించి, కుబేరులకు శిక్షకుడయ్యెను. 1905 ప్రాంతమున మన దేశమునకును వచ్చెను. ఇరువురి మార్గములందును మొదటి మెట్టొక్కటియే: తన దేహమునే సాక్ష్యముగా జూపుట. రెండవ మెట్టు వేఱు. శాండో వస్తువులనమ్మెను. నాయుడుగారు కుస్తీ, దండీలు, బైఠకులు, ప్రాణాయామమువంటి దేశీయసాధనముల వైపునకు జనుల ద్రిప్పిరి. వీనికి కొనదగిన పరికరమేదియు లేదు. చారెడు నేలయు చెదరని పట్టుదలయు నున్న జాలును.

కీర్తి కీర్తిని బిలుచును. 1905 మొదలు 1910 వఱకు రాజప్రతినిధిగా నుండిన మింటో ప్రభువు తమ కారును ఆపి చూపుమని ఆయనను స్వయముగా బరీక్షించిరనియు, లోకమాన్య తిలకుగారును మదనమోహన మాలవీయగారును ఆయన నాదరించిరనియు, 5వ జార్జి చక్రవర్తి కాలమున లండనులో ఇండియన్ హెర్క్యులెస్ యను బిరుదము లభించెననియు లోకమున జెప్పుకొందురు. పరపాలనలో దుర్బలులమని తలవంచుకొనియున్న జాతికి ఆ నిలుచున్న దేహమే యొక ధైర్యవచనమయ్యెను. నాయకు లాయనను జేరదీయుటకు గారణ మిదియే.

అయితే దేహమే మూలధనమైన వృత్తికి దేహమే యపాయము. చరమదశలో నాయుడుగారు కాలికి గలిగిన వ్యాధిచే ఆ కాలినే గోల్పోయిరి. శస్త్రచికిత్సవేళ మత్తుమందును నిరాకరించి ప్రాణాయామముతోనే యోర్చుకొనిరని ప్రతీతి. ఏనుగును మోసినవారు ఒంటికాలితో నిలువవలసి వచ్చెను. ఆర్జించిన ద్రవ్యము దానధర్మములకు వ్యయమైపోయెను. ఒరిస్సా ప్రాంతమున బలంగీరు పాట్నా సంస్థానమున తుదిదినములు గడిపి, 1942 జనవరిలో పరమపదించిరి. డేరా తొలగినది, ఏనుగులు పోయినవి. నిలిచినది శిష్యపరంపరయు, ప్రజల మనస్సున నాటుకొనిన నమ్మకమును.

నేడు శ్రీకాకుళమున క్రీడామైదానమునకు ఆయన పేరు గలదు. విశాఖపట్టణపు సముద్రతీరమార్గమున విగ్రహము గలదు. మన పట్టణములందు యువకులు అద్దెగదులలో జిమ్ములు దెఱచి, నలుగురు శిష్యులు దొరకకపోదురా యని గుమ్మమువైపు జూచుచున్నారు. వారికి మేము నాయుడుగారి జీవితమునుండి నాలుగు మాటలు విన్నవింతుము. ముందు నీ దేహముచే నమ్మించుము. తరువాత నోట బోధింపుము. నీ బలరహస్యమును దాచకుము, తెలిసినకొలది శిష్యుడు దగ్గఱగును. మొదటిదినముననే ఏనుగును జూపకుము. మోయగల బరువునుండి శిష్యుని నడిపింపుము. దేహము సడలుకాలమున కొంత మిగుల్చుకొనుము.

మహాసభకు విచ్చేసిన పోషకులకును మా మనవి యొకటి గలదు. విగ్రహమునకు బూలదండ వేయుట సులభము. ఒక పేదబాలుని వ్యాయామశిక్షణమునకు బంపి, తిరిగివచ్చినపిమ్మట వాని యుద్యమమునకు మొదటి సంవత్సరము దాపుగా నిలుచుట కష్టము. పినతండ్రి సైదాపేటకు బంపనిచో, పొట్టి పంతులుగారు తోడ్పడనిచో, వీరఘట్టపు బాలుడు గోదాలో నలుగురు మెచ్చిన వస్తాదుగానే మిగిలియుండును. ఆ యిరువురవలె ముందునకు వచ్చువారు మన యూరూర గలుగుదురుగాక.

శుభమస్తు.